కామెడీ చూడాలంటే ఏది మేలు: సినిమా హాలా, స్టాండప్ షోనా, ఇంట్లో సోఫానా?

"యాక్షన్ సినిమా అయితే హాల్లో చూద్దాం. కామెడీయే కదా, ఓటీటీకి వచ్చాక చూసుకోవచ్చు." ఇలా అనేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. టికెట్ కొన్నందుకు తెర నిండా పేలుళ్లు, కళ్లు చెదిరే సెట్టింగులు కనిపించాలి, నవ్వుకోవడానికి మాత్రం ఇల్లు చాలు అన్నది వాళ్ల లెక్క. నాకు ఈ లెక్క తలకిందులుగా ఉన్నట్టు అనిపిస్తుంది. భారీ పోరాట దృశ్యాన్ని చిన్న తెర మీద చూస్తే దాని బలం కొంత తగ్గుతుంది, అంతే. కామెడీని ఒంటరిగా, ఫోన్ పక్కన పెట్టుకుని చూస్తే చాలాసార్లు అసలు నవ్వే రాదు. సినిమాలో పస లేదనుకుని మధ్యలో ఆపేస్తాం. పస లేనిది సినిమాలో కాదు, మనం చూసిన తీరులో.

నగరంలో ఉండేవాడికి ఒక సాయంత్రం ఖాళీ దొరికి, హాయిగా నవ్వుకోవాలనిపిస్తే ప్రధానంగా మూడు దారులున్నాయి. హాలుకెళ్లి కామెడీ సినిమా చూడొచ్చు, చిన్న వేదిక మీద జరిగే స్టాండప్ షోకి వెళ్లొచ్చు, ఇంట్లోనే ఏదో ఒకటి పెట్టుకోవచ్చు. మూడింటినీ ఇష్టంగా చూసేవాణ్నే కాబట్టి ఏది దేనికి పనికొస్తుందో, నేను దేన్ని ముందు ఎంచుకుంటానో చెబుతాను.

ముందు నవ్వు గురించి ఒక సంగతి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ నవ్వు మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. ఎప్పుడు నవ్వారో రాసిపెట్టుకోమని విద్యార్థులకు చెప్పి ఆ రాతలు పరిశీలించాడు. టీవీ, పుస్తకాల వంటివాటిని పక్కన పెడితే, మనుషులు ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతారని తేలింది. ఇంకో వింత కూడా గమనించాడు. రోజువారీ సంభాషణల్లో మనం నవ్వేది చాలావరకు జోకులకు కాదు, "సరే, మళ్లీ కలుద్దాం" లాంటి మామూలు మాటలకే. అంటే నవ్వు పుట్టడానికి జోకు ఎంత కారణమో, పక్కన మనిషి ఉండటం అంతకంటే పెద్ద కారణం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ డన్బార్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి కామెడీ వీడియోలు, కొందరికి డాక్యుమెంటరీలు చూపించి, తర్వాత వాళ్లు నొప్పిని ఎంత ఓర్చుకోగలరో కొలిచారు. పడీపడీ నవ్వినవాళ్లు ఎక్కువ ఓర్చుకున్నారు. గుంపుగా చూసినవాళ్లే ఎక్కువ నవ్వారు కూడా. "నలుగురితో కలిసి నవ్వితే ఒళ్లు తేలికపడింది" అని మనం అనుకునేది ఉత్త భ్రమ కాదన్నమాట.

ఇక ఇంటి సంగతి. టీవీ వాళ్లకు ఈ ఇబ్బంది మొదటినుంచీ తెలుసు. గదిలో ఒంటరిగా కూర్చున్న ప్రేక్షకుడికి తోడు కావాలని 1950లలో చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీర్ రికార్డు చేసిన నవ్వులతో ఒక పెట్టె తయారుచేశాడు. మీటలు నొక్కితే చిరునవ్వు దగ్గర్నుంచి పగలబడి నవ్వడం దాకా కావలసిన నవ్వు పలికేది. అమెరికన్ టీవీ కామెడీలు దశాబ్దాల పాటు దాని మీద ఆధారపడ్డాయి. ఇప్పుడు ఆ నవ్వులు వింటే కృత్రిమంగా ఉన్నాయని విసుక్కుంటాం. కానీ అవి తీసేశాక ఆ స్థానంలోకి ఏమీ రాలేదు. గది మళ్లీ నిశ్శబ్దంగానే ఉంది.

పైగా ఇంట్లో మన చేతిలో రిమోట్ ఉంటుంది. కామెడీకి దీన్ని మించిన శత్రువు లేదు. నటుడు మాట అనబోయి ఆగుతాడు, ఎదుటివాడి ముఖం చూస్తాడు, తర్వాత అంటాడు. ఆ ఆగడంలోనే హాస్యం ఉంది. మనం పది సెకన్లు ముందుకు నొక్కేస్తాం. కొందరైతే ఒకటిన్నర వేగంతో చూస్తారు. అలా చూస్తే కథ అర్థమవుతుంది కానీ టైమింగ్ పోతుంది. టైమింగ్ పోయాక కామెడీలో మిగిలేది సమాచారమే. సబ్‌టైటిల్స్ మరో అడ్డంకి. నటుడి నోట పంచ్ రాకముందే కింద అక్షరాల్లో చదివేస్తాం. అతను ఆ మాట అనేసరికి మన నవ్వు పాతబడిపోతుంది. భాష రానప్పుడు తప్పదు. భాష వచ్చిన సినిమాకైనా వాటిని ఆపేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇంటికి ఒక నిజమైన బలం లేకపోలేదు. మళ్లీ మళ్లీ చూసే కామెడీకి ఇల్లే సరైన చోటు. డైలాగులు నోటికి వచ్చేసిన సినిమాను ఇంటిల్లిపాదీ కూర్చుని, తర్వాతి మాట నటుడికంటే ముందే అనేస్తూ చూడటంలో ఉన్న సుఖం ఏ హాల్లోనూ దొరకదు. అక్కడ మనల్ని నవ్వించేది ఆశ్చర్యం కాదు, పరిచయం. ఒంట్లో బాగాలేనప్పుడు, మనసు బరువుగా ఉన్నప్పుడు కొత్త కామెడీ వైపు వెళ్లాలనిపించదు, పాతదే కావాలనిపిస్తుంది. ఆ రోజుల్లో నేనూ ఇల్లు దాటను.

కొత్త కామెడీ సినిమాకు మాత్రం హాలే. అందుకు జనం ఒక కారణం, తెర మరో కారణం. రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. కామెడీకి పెద్ద తెర ఎందుకు అంటారు. 1928లో వచ్చిన "స్టీమ్‌బోట్ బిల్ జూనియర్"లో మూకీ సినిమాల హాస్యనటుడు బస్టర్ కీటన్ నిలబడి ఉండగా ఒక ఇంటి ముందుగోడ మొత్తం అతని మీదకి విరిగిపడుతుంది. పైఅంతస్తు కిటికీ ఖాళీ సరిగ్గా అతను నిలబడ్డ చోట పడటంతో బతికిపోతాడు. అది నిజమైన గోడ. ట్రిక్ లేదు, మధ్యలో కట్ లేదు. మనిషి ఎంత చిన్నవాడో, గోడ ఎంత పెద్దదో ఒకేసారి కంటికి ఆనితేనే ఆ దృశ్యానికి గుండె ఆగి, వెంటనే నవ్వు వస్తుంది. ఫోన్‌లో ఆ గోడ అరచేతిలో పడిపోతుంది. ఫ్రెంచ్ దర్శకుడు జాక్ టాటీ 1967 నాటి "ప్లేటైమ్"ను ఏకంగా 70 ఎంఎంలో తీశాడు. అందులో క్లోజప్‌లు లేనట్టే లెక్క. తెరలో ఒక మూల ఒకడు ఏదో తడబడుతుంటాడు, ఇంకో మూల ఇంకేదో జరుగుతుంటుంది. ఎక్కడ చూడాలో చెప్పకుండా ప్రేక్షకుడికే వదిలేస్తాడు. హాల్లో ఎడమవైపు వరుసల నుంచి ఒక నవ్వు, కాసేపటికి కుడివైపు నుంచి మరో నవ్వు రావడం అలాంటి సినిమాకే సాధ్యం.

అయితే హాల్లో చూసే సినిమాకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. అది మన కోసం ఆగదు. జనం పగలబడి నవ్వుతుంటే తర్వాతి డైలాగు ఆ హోరులో కలిసిపోతుంది. పాతకాలం వాళ్లు దీనికి మంచి ఉపాయం కనిపెట్టారు. అమెరికన్ హాస్యనటుల బృందం మార్క్స్ బ్రదర్స్ 1935లో విడుదలైన "ఎ నైట్ ఎట్ ది ఒపేరా" షూటింగ్‌కు ముందే అందులోని కామెడీ సన్నివేశాలను ఊరూరా స్టేజీ మీద ఆడి చూశారు. ఏ మాటకు నవ్వుతున్నారు, ఎంతసేపు నవ్వుతున్నారు అని లెక్కగట్టి, పేలని జోకులు తీసేసి, పేలినవాటి తర్వాత నవ్వుకు సరిపడా ఖాళీ వదిలి సినిమా తీశారు. నిర్మాత ఇర్వింగ్ థాల్బర్గ్ ఆలోచన అది. ఇలా తీసిన సినిమాను ఖాళీ హాల్లో, లేదా ఇంట్లో ఒక్కరే చూస్తే ఆ ఖాళీలు బోసిపోయి కనిపిస్తాయి. "ఏంటి, ఇంత నిదానంగా ఉంది" అనిపిస్తుంది. ఆ ఖాళీల్ని నింపాల్సింది ప్రేక్షకులే. మనం లేకుండా ఆ సినిమా పూర్తికాదు.

అందుకే కామెడీ సినిమాకు ఏ షోకి వెళుతున్నామన్నది చాలా ముఖ్యం. పదిమంది ఉన్న మధ్యాహ్నం ఆట కంటే కిక్కిరిసిన శని, ఆదివారాల సాయంత్రం ఆట ఎన్నో రెట్లు మేలు. మామూలు సినిమాకైతే జనం తక్కువున్న ఆటకు వెళ్లమని నేనే చెబుతాను. ఇక్కడ మాత్రం రద్దీయే కావాలి. విడుదలైన వారంలోనే వెళితే ఇంకా మంచిది, జోకులన్నీ ముక్కలుముక్కలుగా రీల్స్‌లోకి వచ్చేయకముందే.

స్టాండప్‌కి వస్తే, హాలుకున్న లోపం ఇక్కడ ఉండదు. మైక్ పట్టుకున్న మనిషి మన నవ్వు ఆగేదాకా ఆగుతాడు. నవ్వు రాకపోతే అక్కడికక్కడే దారి మారుస్తాడు. ఒక జోకు బాగా పేలితే దానికి రెండు, మూడు తోకలు తగిలిస్తాడు. వేదిక మీద కనిపించే ఆ తేలికదనం వెనక చాలా కష్టం ఉంటుంది. ఎవరైనా వేదికెక్కి ప్రయత్నించే ఓపెన్ మైక్‌లలో, కొద్దిపాటి జనం ముందు, అదే నాలుగు నిమిషాల సరుకును మళ్లీ మళ్లీ చెప్పి, ఒక్కో మాట మార్చి చూసుకుంటారు. మార్క్స్ బ్రదర్స్ సినిమా కోసం చేసిన పని స్టాండప్ కమెడియన్‌కు నిత్యకృత్యం. అందుకే నాకు వాళ్లంటే గౌరవం. సినిమా నటుడికి రీటేక్ ఉంది, ఎడిటర్ ఉన్నాడు, నేపథ్య సంగీతం ఉంది. ఇతనికి ఉన్నది మైక్ ఒక్కటే. జనం మౌనంగా ఉండిపోతే ఆ మౌనాన్ని ఒంటరిగా మోయాలి.

గది కూడా పనిచేస్తుంది. మంచి కామెడీ క్లబ్బులు చాలావరకు చిన్నగా, చీకటిగా, తక్కువ ఎత్తు కప్పుతో ఉంటాయి. కుర్చీలు దగ్గర దగ్గరగా వేస్తారు. జనం పల్చగా ఉంటే ముందుకొచ్చి కూర్చోమంటారు. నవ్వు చెదిరిపోకుండా ఒకరి నుంచి ఒకరికి అంటుకోవాలంటే ఇది అవసరం. అదే కమెడియన్ పేరు తెచ్చుకుని వేలమంది పట్టే ఆడిటోరియంలో షో పెట్టినప్పుడు, వెనక వరుసల్లో కూర్చుంటే చివరికి మనం చూసేది పక్కన వేలాడదీసిన పెద్ద తెరనే. అంత డబ్బు పెట్టి మళ్లీ తెర చూడటం దేనికి? పేరున్నవాళ్ల పెద్ద షో కంటే పేరు రానివాళ్లు నలుగురైదుగురు కలిసి చిన్న గదిలో చేసే షోనే నేను ఎంచుకుంటాను. అందులో ఒకరు తేలిపోయినా ఇంకొకరు నిలబెడతారు.

దీని ఇబ్బందులూ తక్కువేం కాదు. ముందు వరుసలో కూర్చుంటే క్రౌడ్ వర్క్ (ప్రేక్షకులతో మాట్లాడుతూ నవ్వించడం) పేరుతో మన ఉద్యోగం, పెళ్లి, చొక్కా అన్నీ చర్చకు వస్తాయి. చాలామందికి ఆ టెన్షన్‌తోనే సగం షో గడిచిపోతుంది. అలాంటివాళ్లు మూడు, నాలుగు వరుసలు వెనక్కి కూర్చుంటే హాయి. ఎదుటివాణ్ని కించపరచడమే హాస్యమనుకునే కమెడియన్లూ ఉన్నారు. ఒక షోలో, నత్తి ఉన్న ఒక ప్రేక్షకుణ్ని పదేపదే మాట్లాడించడం చూశాను. గది నవ్వింది, నేను లేచి బయటికొచ్చేశాను. నైపుణ్యం ఉన్న కమెడియన్ అదే ప్రేక్షకుడి చేత గదిని నవ్వించి, అతని చేత చప్పట్లు కొట్టించుకోగలడు. టికెట్ కొనేముందు ఆ కమెడియన్ క్రౌడ్ వర్క్ క్లిప్ ఒకటి చూస్తే అతని తీరు తెలిసిపోతుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లడానికి కూడా ఇది అన్నివేళలా కుదిరే చోటు కాదు. కుటుంబమంతా కలిసి నవ్వాలంటే సినిమా హాలుదే పైచేయి.

ఇంప్రొవ్ షోల సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రేక్షకులు ఒక మాట అందిస్తే దాంతో అప్పటికప్పుడు సన్నివేశం అల్లే ఈ పద్ధతికి 1959లో షికాగోలో మొదలైన సెకండ్ సిటీ బృందం పెద్ద పేరు తెచ్చింది. కుదిరిన రోజున అద్భుతంగా ఉంటుంది, కుదరని రోజున అరగంట చాలా పొడుగ్గా అనిపిస్తుంది. ఆ పందెం ఇష్టమైనవాళ్లకే ఇది. నాకు ఇష్టమే.

మరి రికార్డు చేసిన స్టాండప్ స్పెషల్స్? కమెడియన్‌ని పరిచయం చేసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. కానీ అందులో వినిపించే నవ్వు వేరే ఊళ్లో, వేరే రాత్రి, వేరే జనానిది. ఆ గదిలో మనం లేమన్న సంగతి ప్రతి నవ్వూ గుర్తుచేస్తూనే ఉంటుంది. స్పెషల్‌లో నచ్చినవాడు మన నగరానికి వస్తే టికెట్ కొనడానికి ఆలోచించనక్కర్లేదు. అయితే ఒక్క విషయం గమనించాలి. చూసేసిన స్పెషల్‌లోని సరుకే మళ్లీ చెబుతున్నాడా, కొత్తది తెస్తున్నాడా అన్నది ముందే కనుక్కోవాలి. పాటకు పాతదే పాడమంటాం, జోకు రెండోసారి సగమే పేలుతుంది.

ఇంతకీ నా ఎంపిక: ఒకే ఒక్క సాయంత్రం, ఇద్దరు ముగ్గురు స్నేహితులు, అందరికీ వచ్చిన భాషలో చిన్న స్టాండప్ షో దొరికితే మొదట అదే. ఇంటిల్లిపాదితో అయితే కిక్కిరిసిన హాల్లో కొత్త కామెడీ సినిమా. ఇంట్లో చూడటం మూడోది, అదీ ఇదివరకే ప్రేమించిన సినిమాలకు. తోడు ఎవరూ దొరకలేదని చాలామంది కామెడీకి ఒంటరిగా వెళ్లడం మానుకుంటారు. నా అనుభవంలో ఒంటరిగా వెళ్లడానికి అన్నిటికంటే అనువైనది కామెడీయే. విషాద సినిమాకు ఒంటరిగా వెళితే ఒంటరిగానే తిరిగొస్తాం. ఇక్కడ లైట్లు ఆరిన పావుగంటకల్లా పక్క సీటులోని మనిషి ఏ జోకుకు ముందు నవ్వుతాడో మనకు తెలిసిపోతుంది, మన సంగతి అతనికీ తెలిసిపోతుంది. సీటు మాత్రం నాలుగుపక్కలా జనం ఉండేలా మధ్యలో తీసుకోండి, చివరి కుర్చీ వద్దు.