డైపరా, వేళకు బాత్రూమా, క్యాథెటరా: వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఏది మేలు?

సంరక్షణ కేంద్రం ఎలా నడుస్తోందో తెలియాలంటే, మూత్రం ఆపుకోలేని వాళ్లను ఎలా చూసుకుంటున్నారో అడగండి. ఉన్న దారులు మూడు: వేళకు బాత్రూమ్‌కు తీసుకెళ్లడం, డైపర్ వేయడం, క్యాథెటర్ (మూత్రాశయంలోకి గొట్టం పెట్టి మూత్రాన్ని సంచిలోకి తీసేది) పెట్టడం. మూడూ అవసరమయ్యేవే. ఎవరికి ఏది, ఎందుకు అన్నది అక్కడి నర్సు మనిషి మనిషికీ విడిగా చెప్పగలగాలి. చేరిన రోజే అందరికీ డైపర్ వేసేస్తున్నారంటే అక్కడ పనివాళ్లు చాలడం లేదని అర్థం.

లేచి నిలబడగలిగే వాళ్లకు, చెప్పింది కాస్తయినా అర్థమయ్యే వాళ్లకు ముందు ప్రయత్నించాల్సింది బాత్రూమే. మతిమరుపు జబ్బున్నా చాలామందికి ఇది పనికొస్తుంది. పగలు రెండు గంటలకోసారి ఆయా వచ్చి పొడిగా ఉందా, తడిసిందా అని అడుగుతుంది, తనూ చూస్తుంది, "అమ్మా, ఒకసారి వెళ్లొద్దామా?" అంటుంది. వెళ్లొచ్చాక ఒక మంచి మాట చెబుతుంది. మూడు రోజులు ఇలా చేసి, ప్రతిసారీ పొడా తడా రాసిపెడితే ఫలితం ఉందో లేదో తేలిపోతుంది. ఉంటే ఆ పెద్దామె వేళలను బట్టి సమయాలు సర్దాలి. లేకపోతే డైపర్‌కు వెళ్లడంలో తప్పేమీ లేదు.

ఇది చెడిపోయేది చిన్న విషయాల దగ్గరే. ఫ్యూరోసెమైడ్ లాంటి నీరు తీసే మాత్ర గంటలోపే పనిచేయడం మొదలుపెడుతుంది, ఆ ప్రభావం ఆరు గంటల దాకా ఉంటుంది. దాన్ని సాయంత్రం ఇస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు. చీకట్లో హడావుడిగా లేచి పడిపోయే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి డాక్టర్‌ను అడిగి పొద్దున్నే ఇవ్వాలి, ఆ పూట బాత్రూమ్‌కు తిప్పడం కాస్త ఎక్కువ పెట్టుకోవాలి. కమోడ్ మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. బొందు ముడి విప్పేలోపే తడిసిపోతుంది కాబట్టి నడుము దగ్గర ఎలాస్టిక్ ఉన్న బట్టలు మేలు. తడుస్తుందన్న భయంతో నీళ్లు తగ్గించకూడదు. మూత్రం చిక్కబడితే అది మరింత ఆపుకోలేని పరిస్థితి తెస్తుంది, మలబద్ధకం తోడైతే మూత్రాశయం మీద ఒత్తిడి పెరుగుతుంది.

చార్ట్ అడిగి చూడండి. పది, పన్నెండు, రెండు అని ఒకే చేతిరాతతో, అన్ని గడుల్లో "పొడి" అని నింపి ఉంటే, డ్యూటీ దిగేముందు ఒకేసారి రాశారేమో అనుకోవాలి. నిజమైన చార్ట్‌లో మధ్యమధ్య "తడి" ఉంటుంది, "రానన్నారు" అనీ ఉంటుంది.

డైపర్ బాగా పనికొచ్చేది రాత్రిళ్లు. ఎక్కువ పీల్చుకునే రకం వేస్తే ప్రతి రెండు గంటలకూ లేపనక్కర్లేదు. నిద్ర చెడకుండా ఉండటం చిన్న విషయం కాదు. అయితే మంచం మీంచి కదలలేని వాళ్లను పక్కకు తిప్పడం మాత్రం రాత్రి కూడా మానకూడదు. కారుతుందని ఒకదాని మీద ఒకటి రెండు వేయడం చాలాచోట్ల కనిపిస్తుంది, అది పనికిరాదు. ఒంటికి ఆనుకున్న దానికి అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తడి రెండోదాని దాకా వెళ్లదు, చర్మానికి వేడి, ఒత్తిడి మాత్రం పెరుగుతాయి. కారుతోందంటే సాధారణంగా సైజు తప్పో, తొడల దగ్గర అంచులు లోపలికి మడుచుకోవడమో కారణం. మలం అంటితే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. అందులోని ఎంజైములు తడిసి నానిన చర్మాన్ని తొందరగా తినేస్తాయి. ముందు నుంచి వెనక్కి తుడవాలి, రుద్దకుండా మెత్తగా అద్ది ఆరబెట్టాలి, జింక్ ఆక్సైడ్ క్రీమ్ పల్చగా రాయాలి. దట్టంగా పూస్తే డైపర్ పీల్చుకోదు.

క్యాథెటర్ ఆఖరి మార్గం. మూత్రం అసలు బయటికి రాకపోవడం, నడుము కింద పుండు మానాల్సి రావడం, చివరి దశలో కదిపితే నొప్పిగా ఉండటం లాంటి కారణం ఉండాలి. పెట్టిన రోజు నుంచి రోజుకు 3 నుంచి 7 శాతం చొప్పున మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం ఉంటుంది, నెల తిరిగేసరికి దాదాపు అందరికీ చేరుతుంది. అయోమయంలో ఉన్నవాళ్లు దాన్ని లాగేసుకుంటే గొట్టం జారకుండా లోపల నీటితో ఉబ్బించిన బెలూన్ మూత్రనాళాన్ని చీల్చే ప్రమాదం ఉంది. సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. గొట్టాన్ని తొడకు పట్టీతో బిగించాలి. "ఇంకా అవసరమేనా?" అని రోజూ అడిగే నర్సు ఉన్న చోట నిశ్చింతగా ఉండొచ్చు.

లేచి తిరగగలిగే మనిషికి మా లెక్క ప్రకారం పగలు బాత్రూమ్, రాత్రి డైపర్. నిన్నటిదాకా బాగానే ఉండి ఉన్నట్టుండి తడుపుకోవడం మొదలైతే, ఈ మూడింటిలో ఏదన్నది తర్వాతి మాట. ముందు ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా కారణమేమో డాక్టర్‌కు చూపించాలి.

కేంద్రాన్ని చూడటానికి వెళ్లేది భోజనాల వేళో, డ్యూటీ మారే వేళో అయితే మంచిది. ఎవరైనా బెల్ నొక్కితే ఎంతసేపటికి మనిషి వస్తున్నారో, వచ్చినవాళ్లు తలుపు, తెర వేశాకే బట్టలు తీస్తున్నారో లేదో గమనించండి.