న్యూయార్క్‌లో మూడు రోజులు, మా పిల్లలతో

మా అక్క కూతురు బోస్టన్‌లో ఉంటుంది. తను ప్రేమించింది ఒక యూదు అమ్మాయిని. నేను ఎడిసన్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చానని తెలిసి, "పిన్నీ, మూడు రోజులు న్యూయార్క్ రా, మా వాళ్ళను చూపిస్తా" అంది. ఆ "మా వాళ్ళు" అన్న మాట కోసమే బయల్దేరాను.

ఎడిసన్ నుంచి రైలు నేరుగా పెన్ స్టేషన్‌కి వెళ్తుంది కాబట్టి హోటల్ కూడా ఆ దగ్గర్లోనే తీసుకున్నాం. గదులు శుభ్రంగానే ఉన్నాయి. కౌంటర్ దగ్గరే మనసు చివుక్కుమంది. పిల్లలిద్దరూ పెద్ద మంచం ఉన్న గది బుక్ చేసుకుంటే, చెప్పాపెట్టకుండా రెండు మంచాల గదికి మార్చేశారు. "ఇద్దరూ అమ్మాయిలే కదా అని" అన్నాడు అక్కడి కుర్రాడు. మా పిల్ల బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుని, "మేం అడిగింది ఒక్క మంచమే" అంది నెమ్మదిగా. గది మార్చారు గానీ సారీ చెప్పలేదు. పైగా రోజుకి 35 డాలర్లు ఫెసిలిటీ ఫీజు. ఎంత దగ్గరైనా మళ్ళీ అక్కడ దిగను.

ఆ సాయంత్రమే వెస్ట్ 30వ వీధిలోని బెయిత్ సింహత్ తోరాకి నడిచి వెళ్ళాం. స్వలింగ ప్రేమికులైన యూదులు 1973లో మొదలుపెట్టుకున్న ప్రార్థనా సమాజం అది. మొదట్లో చెల్సీలోని ఒక చర్చిలో కలుసుకునేవారు. ఇప్పుడున్న సొంత చోటికి 2016లో వచ్చారు. ఎయిడ్స్‌తో సభ్యుల్ని ఒకరి తర్వాత ఒకరిని పోగొట్టుకుంటున్న రోజుల్లో, 1992లో, షరోన్ క్లైన్‌బామ్ వాళ్ళకి మొదటి రబ్బీగా, అంటే యూదు మతగురువుగా, వచ్చారు. 2024 దాకా ఆవిడే ఉన్నారు.

శుక్రవారం ప్రార్థనకి టికెట్ లేదు. గుమ్మం దగ్గర బ్యాగు చూస్తారు, కాస్త ముందే వెళ్ళండి. నాకు హీబ్రూ ఒక్క ముక్క రాదు. అయినా పక్కన కూర్చున్న పెద్దావిడ పేజీ మారినప్పుడల్లా తన పుస్తకం నా వైపు జరిపి వేలు పెట్టి చూపించింది. యూదుల వారాంతపు విశ్రాంతి దినమైన సబ్బాతును పెళ్ళికూతురిగా ఆహ్వానించే "లెఖా దోదీ" పాట చివరి చరణానికి అందరూ లేచారు. "పిన్నీ, తలుపు వైపు తిరుగు" అంది మా పిల్ల. హాలంతా గుమ్మం వైపు తిరిగి, వచ్చేవాళ్ళకి తలవంచి స్వాగతం చెప్పింది. ఎన్నో గుమ్మాల దగ్గర ఆగిపోయిన మనుషులు అలా తిరగడం చూస్తుంటే నాకు కళ్ళు నిండాయి.

శనివారం ఐదో అవెన్యూ, 92వ వీధి మూలన ఉన్న జ్యూయిష్ మ్యూజియంకి. వార్‌బర్గ్ కుటుంబం ఇచ్చిన పాత భవనం, లోపల మెట్లెక్కుతుంటేనే ముచ్చటేస్తుంది. శనివారం ప్రవేశం ఉచితం. సబ్బాతు నాడు డబ్బు ముట్టరు కాబట్టి షాపు మూసేస్తారు, పుస్తకాలు కొనాలనుకుంటే వేరే రోజు వెళ్ళాలి. నేను చూడాలనుకున్నది చిత్రకారిణి డెబొరా కాస్ 1993లో చేసిన ఎర్రటి బొమ్మ, "డబుల్ రెడ్ యెంట్ల్". చిత్రకారుడు ఆండీ వార్హోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీని తుపాకీ వీరుడిగా వరుసగా అచ్చువేశాడు కదా, ఆ చోట కాస్ యూదు నటి, గాయని బార్బ్రా స్ట్రైసాండ్‌ని నిలబెట్టింది. ఆడపిల్లలకి యూదు శాస్త్రం చెప్పరని అబ్బాయి వేషం వేసుకుని చదువుకోవడానికి వెళ్ళిన, "యెంట్ల్" సినిమాలోని యెంట్ల్ పాత్రలో. చాలాసేపు కదల్లేకపోయాను. ఆ బొమ్మలో మనిషి మతం వదిలేసి పోలేదు. చదువుకుంటానని, నాకూ చోటు కావాలని వేషం కట్టుకుని మరీ లోపలికి వచ్చింది. లెస్బియన్ అయిన కాస్ తన కథనీ అందులో పెట్టిందని మా పిల్ల ప్రేమించిన అమ్మాయి చెప్పింది. ఇదే మ్యూజియం 1996లో "టూ జ్యూయిష్?" అని పెట్టిన ప్రదర్శనలోనూ కాస్ బొమ్మలున్నాయి. అప్పటికి యూదు మతంలో ఉదారంగా ఉండే రిఫార్మ్ శాఖ రబ్బీల సంఘం స్వలింగ ప్రేమికుల్ని రబ్బీలుగా ఒప్పుకుని ఆరేళ్ళే. మధ్యేమార్గంలో ఉండే కన్సర్వేటివ్ శాఖ 2006లో గానీ దారి తెరవలేదు. సంప్రదాయాన్ని గట్టిగా పట్టుకునే ఆర్థడాక్స్ వాళ్ళలో చాలామంది ఇప్పటికీ ఒప్పుకోరు. ఒక మాట, మ్యూజియంలో బొమ్మలు మారుతూ ఉంటాయి, ముందే వెబ్‌సైట్ చూసుకోండి.

మధ్యాహ్నం సోహోలో, స్వలింగ ప్రేమికుల కళకే పెట్టిన లెస్లీ-లోమన్ మ్యూజియం. చిన్నది, గంట చాలు.

ఒక్కచోటికే టైముంటే మాత్రం శుక్రవారం ప్రార్థనకే వెళ్ళమంటాను. మ్యూజియంలో గోడ మీద చూసింది అక్కడ మన పక్క కుర్చీలో కూర్చుంటుంది.

ఆదివారం బ్రూక్లిన్ మ్యూజియం. సబ్‌వే స్టేషన్ దాని ముందే, 2 గానీ 3 గానీ నంబరు రైలు ఎక్కితే చాలు. ముంగిట్లో కాస్ చేసిందే, మనిషిని మించిన ఎత్తున రెండు పసుపుపచ్చ ఇంగ్లీషు అక్షరాలు. టికెట్ లేకుండా చూడొచ్చు. ఒకవైపు నుంచి "యో", వెనక్కి వెళ్తే "ఓయ్". మా పిల్ల ప్రేమించిన ఆ యూదు అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ మాట్లాడే యూదుల భాష యిడ్డిష్‌లో ఓయ్ అంటే అయ్యో అన్నట్టట. మా భాషలో అది దగ్గరివాళ్ళని పిలిచే పిలుపు అన్నాను. నేను ఫోటో తీయడానికి ఇవతలికి వచ్చేసరికి, ఆ అమ్మాయే అక్షరాల అవతల నిలబడి చెయ్యెత్తి పిలిచింది.

"ఓయ్, పిన్నీ!"