గుంతకల్లులో దొరికింది, అనంతపురంలో వంగింది

అనంతపురం బస్టాండు దగ్గర లాడ్జి తీసుకునేవాళ్లకు ముందే ఒక మాట. గది ఖాళీ చేశాక సామాన్లు వాళ్లకప్పగించి ఊరు చూడ్డానికి పోకండి. బట్టలైతే ఏమీ కాదు. నావి గ్రామఫోను రికార్డులు.

నాకు జాజ్ సంగీతమంటే పిచ్చి. హైదరాబాదులో మంచి జాజ్ ఎల్పీ, అంటే లాంగ్ ప్లే రికార్డు, కనబడితే రెండు వేలకు తక్కువ చెప్పడం లేదు. గుంతకల్లులో ఒక గుజిరీ అంగడికి ట్రంకుపెట్టె నిండా రికార్డులొచ్చాయని తెలిసినాయన చెప్పగానే నిద్ర పట్టలేదు. పెద్ద రైల్వే జంక్షన్, ఒకప్పుడు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలున్న ఊరు. సినిమా పాటలే కాక ఇంకేదైనా ఉండకపోతుందా అని ఆశ. ఏప్రిల్ ఎండలో బావమరిదిని వెంటబెట్టుకుని బయల్దేరాను. వాడికి రికార్డులు పట్టవు, తాడిపత్రి గుళ్లు చూపిస్తానని ఒప్పించాను.

శనివారం పొద్దున పదింటికి అనంతపురంలో దిగాం. ఏసీ గది 1,400. రాత్రి పన్నెండు దాటాక ఏసీ కట్టేస్తారన్న సంగతి డబ్బులు కట్టేటప్పుడు చెప్పలేదు. ఉగ్గాణి, బజ్జి మాత్రం అద్భుతం, ప్లేటు 40. వాడు రెండు ప్లేట్లు తిన్నాడు, గుంతకల్లు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాతో మాట్లాడలేదు.

అంగట్లో పాత ఫ్యాన్ రెక్కల వెనక ఉంది పెట్టె. పైనంతా 78లు, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులు. అవి లక్క కలిపి చేసినవి, చెయ్యి జారితే పెంకులే. నాటక పద్యాలు, సినిమా పాటలు. అడుగున నాలుగు ఎల్పీలు, అందులో ఒకటి అమెరికా జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్'! 1958లో ఆయన బృందం మన దేశానికొచ్చి మద్రాసులోనూ వాయించింది. ఆ మరుసటేడు వచ్చిన రికార్డు ఇది. బయటికి తెచ్చి ఎండకు ఏటవాలుగా పట్టుకున్నాను. గీతల్లేవు. నడిమి బెజ్జం చుట్టూ లేబులు మీద వెంట్రుకంత గాట్లు రెండో మూడో ఉన్నాయి. రికార్డు పెట్టేటప్పుడు ప్లేయరు నడిమి కడ్డీ తగిలి పడేవి అవి. అన్నే ఉన్నాయంటే దీన్ని పెద్దగా వాడలేదన్నమాట.

"ఏం సామీ, అద్దంలో మొగం చూసుకుంటాండావా?" అన్నాడు అంగడి పెద్దాయన. ఎనిమిది నూర్లు చెప్పాడు. నేను బేరం మొదలుపెట్టేలోపే, "దీంట్లో పాటల్లేవంట కదా, వట్టి వాయింపంట. ఐదు నూర్లియ్యి" అని తనే తగ్గించాడు.

"పాట కూడా లేనిదానికి ఐదొందలా బావా?" అన్నాడు బావమరిది.

ఆదివారం తాడిపత్రి వెళ్లొచ్చాం, గుళ్లు బాగున్నాయి, తప్పకుండా చూడండి. అసలు కథ లాడ్జిలో. పదింటికల్లా గది ఖాళీ చెయ్యాలి, మా బస్సేమో రాత్రి పదింటికి. బ్యాగుకు 50 ఇస్తే కౌంటరు దగ్గర పెడతామన్నారు. రసీదు కూడా రాసిచ్చారు. ఆ బ్యాగును నిలబెట్టే ఉంచండి, దాని మీద ఏమీ పెట్టకండి అని మూడుసార్లు చెప్పాను. "మీరు పోయి రాండి సార్" అన్నాడు మేనేజరు.

సాయంత్రం ఏడింటికొస్తే కౌంటరు దగ్గర బ్యాగు లేదు. వెనక జనరేటరు పక్కన, రేకుల కింద పడుకోబెట్టి ఉంది. దాని మీద ఎవరిదో బియ్యం మూట. ఆ వేళప్పుడు కూడా రేకుల కింద సెగ మొహానికి కొడుతోంది. ఎల్పీ వినైల్‌ది, అంటే ప్లాస్టిక్కే కదా, వేడికి మెత్తబడితే బరువుకు వంగుతుంది. అట్టలోంచి తీస్తే ఒక పక్క అంచు సగం కాలిన అప్పడంలా పైకి లేచింది.

మేనేజరుకు చూపించాను. అటూ ఇటూ తిప్పి, "పగల్లేదు కదా సార్?" అన్నాడు.

రెండు రోజులుగా మూతి ముడుచుకున్న బావమరిది నాకంటే ముందు గొంతు పెంచాడు. పావుగంట గొడవైంది. ఆ 50 కూడా తిరిగివ్వలేదు. మళ్లీ వెళ్తే గుంతకల్లులోనే దిగుతాను, రికార్డు చేతిలోనే పెట్టుకుని తిరుగుతాను.

ఇంటికొచ్చాక రెండు అద్దాల మధ్య పెట్టి, పైన నిఘంటువులు పేర్చి వారం రోజులు ఉంచాను. కాస్త దిగింది. మొదటి పాట అంచులోనే ఉంటుంది కాబట్టి ముల్లు ఎగిరెగిరి పడి అది పోయినట్టే. రెండోదానికి వచ్చేసరికి ఊగడం తగ్గింది. మూడోది 'టేక్ ఫైవ్', లోపలి వైపుది, శుభ్రంగా మోగింది. ఐదు మాత్రల లెక్కలో నడుస్తుంది. చిన్నప్పుడు మూడేళ్లు మృదంగం నేర్చుకున్న మా బావమరిది, సోఫాలో కూర్చుని తొడ మీద ఖండచాపు (అదీ ఐదు మాత్రల తాళమే) వేయబోయి ఆగిపోయాడు.

"తక తకిట కదా బావా ఉండాల్సింది? వీళ్లేంటి, తిప్పేసి తకిట తక అంటున్నారు? మళ్లీ మొదట్నించి పెట్టు."