బరువుకి వారం వారం ఇంజెక్షనా, ఒక్కసారి ఆపరేషనా?

బెంగళూరు మారతహళ్లిలో మనవాళ్లు నలుగురు కలిస్తే ఫ్లాట్ రేట్ల తర్వాత ఇదే చర్చ. ఊబకాయం బద్ధకం కాదు, బీపీలాగే దీర్ఘకాలిక జబ్బు.

ఖర్చు: మౌంజారో అనే బరువు తగ్గించే ఇంజెక్షన్ మన దేశానికి 2025 మార్చిలో వచ్చినప్పుడు 2.5 మి.గ్రా. వయల్ ₹3,500, అదీ వారానికొకటి. ఆపరేషన్‌కి ఒకేసారి లక్షల్లో.

తగ్గేది: ఇంజెక్షన్‌తో ఒంటి బరువులో సుమారు 15–20 శాతం, జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్‌తో 25 దాకా.

ఇబ్బంది: ఇంజెక్షన్‌తో వికారం, మలబద్ధకం. ఆపితే ఆకలి తిరిగొస్తుంది, వెనకే బరువూ. ఆపరేషనయ్యాక ఆంధ్రా మెస్ ఫుల్ మీల్స్ మర్చిపోవాల్సిందే; నాలుగు ముద్దల పప్పన్నానికే పొట్ట నిండిపోతుంది. విటమిన్ మాత్రలు జీవితాంతం.

బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 30 లోపుండి షుగరుంటే ముందు ఇంజెక్షన్ గురించే అడగండి. 37.5 దాటి, గురకతో నిద్రలో ఊపిరాగుతుంటే సర్జన్‌ని కలవడం వాయిదా వేయొద్దు.