చెర్రీ తోట చలికాలం పనికి ఫెల్కో 2 సికేచర్: ఏళ్ల తరబడి వాడాక

వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో మా చెర్రీ తోటకు కత్తిరింపంతా చలికాలంలోనే. ఆకు రాలగానే మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు గానీ, నేను గడ్డకట్టే చలి కాస్త తగ్గేదాకా, అంటే ఫిబ్రవరి దాకా ఆగుతాను. ఏళ్లుగా ఆ పనికి నా చేతిలో ఉండేది ఒకటే సికేచర్ (కొమ్మలు కోసే చేతి కత్తెర): స్విట్జర్లాండ్‌లో తయారయ్యే ఎర్ర పిడుల ఫెల్కో 2. బరువు సుమారు 240 గ్రాములు. 25 మిల్లీమీటర్ల మందం వరకు కోస్తుందని కంపెనీ లెక్క. నేను మాత్రం బొటనవేలి మందం దాటితే మడత రంపం తీస్తాను.

చెర్రీకి మంచి సికేచరే కావాలని ఇంత పట్టుబట్టడానికి కారణం, ఈ చెట్టుకు గాయం తొందరగా మానదు. నలిగిన బెరడులోంచి బంక కారుతుంది. సూడోమోనాస్ అనే బాక్టీరియా ఆ గాయంలో దూరిందంటే కాంకర్ అనే బెరడు తెగులు వచ్చి కొమ్మ నిలువునా ఎండుతుంది. తడి, చలి కలిసిన రోజుల్లో కోస్తే ముప్పు మరీ ఎక్కువ. అందుకే కాస్కేడ్ కొండలకు పడమర, వానలు వదలని చోట, కాయ కోసేశాక వేసవిలో కత్తిరించమంటారు. మా వైపు ఏడాదంతా కలిపి కురిసేది 20 సెంటీమీటర్లే. పొడిగా ఉన్న రోజు చూసుకుంటే మాకు చలికాలంతో ఇబ్బంది లేదు.

ఫెల్కో 2లో పదునైన బ్లేడు ఒకటే. రెండోది కొక్కెంలా కొమ్మను పట్టి ఆపుతుంది. బ్లేడు చెట్టు వైపు, కొక్కెం పారేసే ముక్క వైపు ఉండాలి. అప్పుడు నలిగేది కిందపడే ముక్కే, చెట్టుమీద మిగిలే కోత నున్నగా ఉంటుంది. ఇందుకోసం ఒక్కోసారి సికేచర్‌ను తిరగేసి పట్టుకోవాలి. మూడుకాళ్ల నిచ్చెన మీద అది ఇబ్బందే, అయినా మానకండి.

నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చింది సన్నటి మొన. మా దగ్గర బింగ్, రెయినియర్ అనే చెర్రీ రకాలు రెండూ ఉన్నాయి. గుండ్రంగా ఉబ్బినవి పూమొగ్గలు, సన్నగా కోసుగా ఉన్నవి ఆకుమొగ్గలు. ఏడాది వయసు కొమ్మ మొదట్లో పూమొగ్గలు ఉంటాయి, పైకి పోయేకొద్దీ ఆకుమొగ్గలు. కొమ్మను పొట్టి చేసేటప్పుడు కనీసం ఒక్క ఆకుమొగ్గయినా మిగలాలి. పూమొగ్గలే మిగిలితే ఆ ఏడు కాయ కాస్తుంది, తర్వాత చిగురు రాక ఆ మొండి ఎండిపోతుంది. చలికి చేతులు కొయ్యబారిన వేళ కూడా కోత సరిగ్గా అనుకున్న మొగ్గ పైనే పడటం ఈ మొన వల్లే. గిజెలా అనే రకం వేరుమూలం మీద అంటుకట్టిన చెట్లకు ఇది ఇంకా అవసరం. అవి విరగకాస్తాయి, పూమొగ్గల గుత్తులుండే పొట్టి రెమ్మలను, అంటే స్పర్లను పలచన చేయకపోతే కాయ ఊరదు. ఆ ఇరుకులో లావు మొన సికేచర్ పెడితే పక్క స్పర్ రాలిపోతుంది.

సంరక్షణ పెద్ద పనేం కాదు. సాయంత్రం ఆల్కహాల్‌తో బంక తుడిచి, ఏటవాలుగా ఉన్న వైపు మాత్రమే సానరాయితో నాలుగు గీతలు గీసి, ఒక చుక్క నూనె వేస్తే చాలు. తెగులు అనుమానం ఉన్న చెట్టయితే దాన్ని వదిలి పక్క చెట్టుకు వెళ్లేముందే బ్లేడు తుడవాలి. బ్లేడు, స్ప్రింగు, బోల్టు అన్నీ విడివిడిగా దొరుకుతాయి. బ్లేడు అరిగితే మనమే ఇంట్లో మార్చుకోవచ్చు. ఖరీదు ఎక్కువే అయినా నేను ధైర్యంగా కొనమని చెప్పేది ఇందుకే. అంతకుముందు నేను వాడిన చవక సికేచర్లు కాస్త వదులైతే పారేయడం తప్ప దారి లేదు.

పెద్ద తోటల వాళ్లు బ్యాటరీ సికేచర్లకు మారుతున్నారు. మణికట్టుకు అవి హాయిగా ఉంటాయి, వేల చెట్లున్నవాళ్లకు నేను కూడా అవే చెబుతాను. నాకు ఎడమచేత్తో స్పర్లను పక్కకు వంచి పట్టుకుని కోసే అలవాటు. బ్లేడుకు అంత దగ్గర్లో వేళ్లుండగా మోటారును నమ్మలేను.

ఎడమచేతి వాటం వాళ్లకు ఇది కుదరదు, ఫెల్కో 9 తీసుకోండి. చిన్న చేతులకు 6, మణికట్టు నొప్పి ఉంటే పిడి తిరిగే 7 చూడండి. ఏది కొన్నా జనవరిలోనే ఒక బ్లేడు, ఒక స్ప్రింగు అదనంగా తెప్పించి పెట్టుకోండి. మంచులో జారిపడిన స్ప్రింగు మళ్లీ దొరకదు.