ఎయిర్ పిస్టల్లో సీసం పెల్లెట్లు: కావలి గాలిలో ఏళ్ల తరబడి వాడినాక నా మాట

మా వైపు పిల్లలు ఎయిర్ పిస్టల్ కొనుక్కున్న మర్నాడే అడిగేది ఒకటే, అన్నా ఏ పెల్లెట్ (అందులో పెట్టి కాల్చే చిన్న గుండు) తెప్పించమంటావ్ అని. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో వెండి పతకం తెచ్చినప్పుడు మొదలైంది ఈ అడగడం, పారిస్ 2024లో మను భాకర్ బ్రాంజ్ కొట్టినాక మరీ ఎక్కువైంది. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే నయం కదా అని రాస్తున్నా. నాది స్టెయిర్ ఎల్‌పీ 10, సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నది, మేడ మీద రేకుల షెడ్డులో పది మీటర్లు కొలిచి కట్టుకున్న రేంజ్, పని నుంచి వచ్చి మొహం కడుక్కుని పైకెక్కితే గంటా గంటన్నర అక్కడే.

ముందే చెప్పేస్తా. పిస్టల్‌కి మెత్తటి సీసంతో చేసిన మామూలు ట్రైనింగ్ పెల్లెట్ చాలు. ఖరీదైన మ్యాచ్ పెల్లెట్ మీద పెట్టే ఆ ఎక్కువ డబ్బుల్ని, ఉన్న పెల్లెట్లని పొడిగా దాచుకోడానికీ సీసం పొడి ఇంట్లోకి దిగకుండా చూసుకోడానికీ పెట్టండి.

ఎట్టా అంటారా, లెక్క చూడండి. పిస్టల్ టార్గెట్ మీద పది రింగు 11.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ 4.5, గీత తగిలినా పదే ఇస్తారు కాబట్టి గుండు సరిగ్గా మధ్య నుంచి 8 మిల్లీమీటర్లు పక్కకి పోయినా మనకి పదే. రైఫిల్ వాళ్లకి అట్టా కాదు, వాళ్ల పది రింగు 0.5 మిల్లీమీటర్ల చుక్క, వాళ్లు పెల్లెట్ కోసం ప్రాణం పెట్టడంలో న్యాయం ఉంది. నేను పిస్టల్‌ని వైస్‌లో గుడ్డ చుట్టి బిగించి ఆర్‌డబ్ల్యుఎస్ ఆర్10 మ్యాచ్, మైస్టర్‌కుగెల్న్, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ లైట్, ఇంకా రెండు మూడు ట్రైనింగ్ రకాలు కాల్చి చూశా, బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిస్తే మంచివన్నీ ఏడెనిమిది మిల్లీమీటర్లలోపే పడ్డాయి, మ్యాచ్ రకానికీ ట్రైనింగ్ రకానికీ మధ్య తేడా చేత్తో కాల్చేటప్పుడు కనపడేది కాదు. చేత్తో కాలిస్తే మణికట్టు ఒక్క పిసరు వంగినా గుండు ఏడులోకి పోద్ది, దానికి పెల్లెట్ ఏం చేస్తది పాపం. 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చే మ్యాచ్‌లో 600కి 560 దాటి, ఇంక ఒక్కో పాయింట్ కోసం కొట్లాడే వాళ్లకి మ్యాచ్ పెల్లెట్ కావాలి, కాదనను. అంతకన్నా కింద ఉన్నవాళ్లు ఆ డబ్బులు పెట్టి ఇంకో నాలుగు డబ్బాల ట్రైనింగ్ పెల్లెట్లు కొనుక్కుని కాల్చుకుంటే స్కోరు పెరుగుద్ది.

అయితే ట్రైనింగ్ రకం అన్నానని చేతికొచ్చిన డబ్బా కొనొద్దు. చవగ్గా దొరికే కొన్ని పెల్లెట్లు గట్టిగా ఉంటాయి, ఇదే నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి. పెల్లెట్ ఆకారం చూశారుగా, డమరుకం లాగా నడుము సన్నగా, ముందు తల, వెనకాల బోలు పావడా. గాలి వెనక నుంచి తోసినప్పుడు ఆ పావడా అంచు కాస్త విచ్చుకుని బ్యారెల్ లోపలి రైఫ్లింగ్ గీతల్ని పట్టుకోవాలి, అప్పుడే గాలి పక్కల నుంచి జారిపోకుండా ఉంటది, గుండు తిన్నగా తిరుగుతూ పోతది. మన పిస్టల్లో గుండు వేగం సెకనుకి 150 మీటర్ల దరిదాపు, శక్తి ఆరు జౌల్స్‌కి కూడా రాదు, అంత తక్కువ ఒత్తిడికి విచ్చుకోవాలంటే సీసం మెత్తగా ఉండాల్సిందే. నేను చేసే పరీక్ష బో తేలిక, పెల్లెట్ పావడా మీద గోటితో గీస్తా, గీత మెరుస్తా పడితే మంచిది, గోరు జారిపోతే అందులో సీసాన్ని గట్టిపరిచే ఆంటిమొనీ అనే లోహం ఎక్కువ కలిపారని అర్థం. అట్టాంటి గట్టి రకం ఒకటి వైస్‌లో కాలిస్తే గ్రూపు, అంటే గుండ్లన్నీ పడిన మేర, పన్నెండు పదమూడు మిల్లీమీటర్లకి పోయింది, లోడ్ చేసేటప్పుడే బొటనవేలికి తెలిసిపోద్ది, నున్నగా కూర్చోదు, అడ్డం తిరిగినట్టు ఉంటది.

మా బావ టెక్సాస్‌లో ఉంటాడు, 9 ఎంఎం సెమీ ఆటోమేటిక్‌లో హార్డ్ కాస్ట్ సీసం బుల్లెట్లు చాన్నాళ్లుగా కాలుస్తున్నాడు, పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు మేడ మీద కూర్చుని ఇద్దరం ఇదే మాట్లాడుకున్నాం. వాళ్లకి వ్యవహారం తలకిందులు. 9 ఎంఎం తూటాలో పీడనం 35,000 పీఎస్ఐ దాకా పోద్ది, అంత వేడికీ ఒత్తిడికీ మెత్తటి సీసం తట్టుకోలేదు, అందుకని తగరం, ఆంటిమొనీ కలిపి గట్టిగా పోస్తారు. గట్టిదనం చూసే బ్రినెల్ కొలతలో వట్టి సీసం 5 ఉంటే అవి 15, 20, ఇంకా పైన కూడా ఉంటాయి. గట్టిగా ఉంటే బ్యారెల్‌కి సీసం పూయదనుకుంటారు అందరూ, అది సగమే నిజం మామా అన్నాడు, బుల్లెట్ బ్యారెల్ కంటే ఒక్క వెంట్రుకవాసి లావుగా లేకపోతే వెనక నుంచి మంట పక్కలకి దూరి ఎంత గట్టి సీసాన్నైనా కరిగించి గోడలకి పూసేస్తదంట. అందులోనూ గ్లాక్ లాంటి వాటి బ్యారెల్ లోపల రైఫ్లింగ్ వేరే తీరు, తొడుగు లేని సీసం వాడొద్దని ఆ కంపెనీ మాన్యువల్లోనే రాస్తది, అందుకని ఆయన సీసం కాల్చేది వేరే పిస్టల్లోనే. ఇది విన్నాక నాకు బాగా అర్థమైంది, గట్టిదా మెత్తదా అన్నది తుపాకీని బట్టి మారుద్ది గానీ, సైజు సరిగ్గా కుదరడం మాత్రం ఇద్దరికీ ఒకటే. మన పెల్లెట్లలో కూడా తల సైజు 4.49, 4.50 అని డబ్బా మీద వేస్తారు, రెండూ తెప్పించి మీ బ్యారెల్‌కి ఏది నప్పుద్దో వైస్‌లో చూసుకోండి, నాదానికి 4.50 కుదిరింది.

తూకం సంగతి కూడా చూశా. నెల్లూరులో బంగారప్పని చేసే స్నేహితుడి కొట్లో మిల్లీగ్రాము దాకా చూపించే తూకం ఉంది, ఒక మధ్యాహ్నం కస్టమర్లు లేనప్పుడు కూర్చుని తూచాం. ఆర్10లో గుండుకీ గుండుకీ మూడో డెసిమల్లో తప్ప తేడా లేదు, 0.45 అంటే 0.45 గ్రాములే. చవక రకంలో ఒక్కోటి ఒక్కో రకంగా వచ్చింది. పది మీటర్లలో ఈ తేడా పెద్దగా కనపడదు, తూచి వేరుచేసుకోడం దండగ, కంటితో చూసి పావడా నొక్కుకుపోయినవి తీసేస్తే చాలు.

ఇప్పుడు మన ఊరి సంగతి. జర్మనీ చలిలో కూర్చున్న వాళ్లు రాసే సలహాలు మన తీరానికి పనికిరావు. కావలికి తుమ్మలపెంట సముద్రం ఎంతో దూరం లేదు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మనకే ఎక్కువ, గోడలు కూడా చెమ్మ పట్టి ఉంటాయి. ఆ రోజుల్లో మూత సరిగ్గా పడని డబ్బా ఒకటి కార్తీక మాసం చివర్లో తీసి ఎండలో చూస్తే పెల్లెట్ తల ఇంకా బూడిద రంగులోనే ఉంది గానీ పావడా లోపల అంతా తెల్లగా పూసి ఉంది, వేలు పెడితే ఆ తెలుపు వేలికి అంటుకుంది, డబ్బా అడుగున కూడా సన్నటి పొడి. అది సీసం గాలితో తేమతో కలిసి అయిన కార్బనేట్. దాన్ని తుడిచి కాల్చుకుందాం అనుకోవద్దు, గ్రూపు సంగతి అట్టుంచితే ఆ పొడి వట్టి సీసం గుండుకంటే తొందరగా నోట్లోకి పోతది, డబ్బా డబ్బా పక్కన పెట్టేసి స్క్రాప్‌లో వెయ్యండి.

దాచడానికి నేను చేసేది ఇది, రబ్బర్ గాస్కెట్ ఉన్న స్టీల్ డబ్బాలో పెల్లెట్ డబ్బాలు పెట్టి సిలికా జెల్ సంచులు వేస్తా, ఆ జెల్ నీలం రంగు పోయి గులాబీ రంగుకి వస్తే మార్చేస్తా. చెక్క బీరువాలో, అందులోనూ కొత్త ప్లైవుడ్ బీరువాలో అసలు పెట్టొద్దు, చెక్క వదిలే ఆమ్లపు ఆవిరికి సీసం ఇంకా తొందరగా తెల్లబడుద్ది. వంటింటి అరల దగ్గరికైతే చూడనే చూడొద్దు. కంపెనీలో గుండ్లకి పట్టించిన సన్నటి నూనె పూత ఉంటది, దాన్ని సబ్బుతో కడిగేసే వాళ్లున్నారు, మన తీరంలో ఆ పూతే వాటికి రక్ష, కడగొద్దు.

ఇంక చేతుల సంగతి, దీన్ని మాత్రం పిల్లల తల్లిదండ్రులు నిదానంగా చదవండి. సీసం గుండు పట్టుకుంటే చర్మంలోంచి లోపలికి పోదు, నోట్లోంచి పోద్ది. మనం చేత్తో కలుపుకుని తినేవాళ్లం, పెల్లెట్లు లోడ్ చేసిన ఆ బొటనవేలూ చూపుడువేలూనే అన్నం ముద్ద కలిపేది. శానిటైజర్ రాస్తే సీసం పోదు, సబ్బు పెట్టి నీళ్లతో గోళ్ల సందుల్లో కూడా రుద్ది కడగాలి. రేంజ్‌లో మంచినీళ్ల బాటిల్ పెల్లెట్ ట్రే పక్కన పెట్టొద్దు, పల్లీలు, మిక్చర్ తింటా కాల్చొద్దు, కొంతమంది పిల్లలు గుండుని పెదాల మధ్య పట్టుకుని లివర్ ఎత్తుతారు, నా కళ్లారా చూశా, దెబ్బకి ఆపించా. సీసానికి ఇంత వరకు పర్లేదు అనే లెక్క లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది, చిన్నపిల్లల ఒంటికి పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పడుద్దని కూడా అదే చెబుతోంది. రోజూ కాల్చేవాళ్లు ఏడాదికొకసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి, నెల్లూరులో శాంపిల్ ఇస్తే బయటి ల్యాబ్‌కి పంపి రిపోర్ట్ తెప్పిస్తారు, నేను చేయించుకుంటా ఉంటా.

ట్రాప్, అంటే టార్గెట్ వెనక గుండ్లని ఆపే పెట్టె, దాని వెనకాల వట్టి ఇనప రేకు పెట్టుకోవడం వద్దు. గుండు దానికి కొట్టుకుని బిళ్లలాగా నలిగి అంచులు పొడిగా రాలతాయి, ముక్కలు వెనక్కి కూడా ఎగురుతాయి, కళ్లద్దాలు తప్పనిసరి. నేను పెట్టెలో ఎండిపోని డక్ట్ సీల్ పుట్టీ మందంగా పట్టించా, గుండు అందులో కూరుకుపోద్ది, చప్పుడూ తగ్గింది, పొడీ తగ్గింది. కింద నేలని చీపురుతో ఊడవద్దు, పొడి లేచి మళ్లీ మన మీదే పడుద్ది, తడి గుడ్డ పెట్టి తుడిచి ఆ గుడ్డ ఇంట్లో బట్టలతో కలపకుండా విడిగా ఉంచండి. మా ఇంట్లో రేంజ్‌కి వేసుకునే చెప్పులు మెట్ల పైనే ఉంటాయి, కిందకి రావు.

వాడేసిన సీసం ఏం చెయ్యాలన్నది ఇంకో ప్రశ్న. తుమ్మలపెంటలో వలలు అల్లే పెద్దాయన ఒకాయన నా దగ్గర బకెట్ నిండా గుండ్లు చూసి, "అబ్బయ్యా, పారేస్తా ఉంటే మాకియ్యి, వలకి గుండ్లు పోసుకుంటాం" అన్నాడు. యాడ కరిగిస్తావు మామా అంటే ఇంటి ముందు పొయ్యి మీదే, మా నాయన కాలం నుంచీ అట్టానే అన్నాడు. సీసం 327 డిగ్రీలకే కరుగుద్ది, కట్టెల పొయ్యి చాలు, అదే భయం, ఆ పొయ్యి చుట్టూ మనవలు ఆడుకుంటా ఉంటారు, మురికి సీసం మీద నుంచి లేచే పొగా, పైన తేలే తెట్టూ ఒంటికి మంచివి కావు. ఆయనకి అవన్నీ చెప్పి, గుండ్లని పాత బ్యాటరీలు కొనే స్క్రాప్ షాపులో వేసి, ఆ డబ్బులకి ఇంకొంచెం కలిపి వలకి కట్టే రెడీమేడ్ సీసం గుండ్లు కొనిచ్చా. ఆయన మొహం వెలిగింది. మీరూ ఇట్టానే చెయ్యండి, అడిగినవాళ్లకి ఊరికే పచ్చి సీసం చేతిలో పెట్టొద్దు.

సీసం లేని తగరం పెల్లెట్లు కూడా కొన్నాళ్లు వాడా. తేలిగ్గా ఉంటాయి, గట్టిగా ఉంటాయి, ధర ఎక్కువ, నా పిస్టల్లో గ్రూపు సీసం అంత బిగువుగా రాలేదు, గురి చూసే సైట్ కూడా మళ్లీ సరిచేసుకోవాల్సి వచ్చింది. ఇంట్లో చిన్నపిల్లలు ఉండి రేంజ్‌కి విడిగా గది లేనివాళ్లకి మాత్రం అవే కొనమంటా, స్కోరు రెండు పాయింట్లు తగ్గినా పర్లేదు.

బ్యారెల్ క్లీనింగ్‌కి ఇత్తడి బ్రష్‌లు, ఘాటు కెమికల్స్ వద్దు. మన వేగానికి సీసం పెద్దగా పూయదు, ఫెల్ట్ క్లీనింగ్ పెల్లెట్లు రెండు మూడు అప్పుడప్పుడూ తోసేస్తే సరి. క్లీన్ చేసినాక మొదటి కొన్ని షాట్లు కాస్త అటూ ఇటూ పడతాయి, అందుకని మ్యాచ్ ముందురోజు రాత్రి క్లీనింగ్ పెట్టుకోవద్దు.

కొనేటప్పుడు వినాయక చవితి లోపే, అంటే వానలు పట్టకముందే, ఆ సీజన్‌కి సరిపడా ఒకేసారి తెప్పించుకోండి. 500 గుండ్ల డబ్బా రాగానే మూత తీసి చెవి దగ్గర ఊపకుండా తెల్ల కాగితం మీద మెల్లగా పోసి చూడండి, కొరియర్ దెబ్బలకి పావడాలు నొక్కుకుపోయినవి ఎక్కువ ఉంటే ఫొటో తీసి వెనక్కి పంపండి. లాట్ నంబర్, అంటే ఏ విడతలో తయారైందో చెప్పే నంబర్, డబ్బా మీద స్టిక్కర్‌లో ఉంటది, ఆర్డర్ పెట్టేటప్పుడే ఫోన్ చేసి అన్నీ ఒకే లాట్‌లోవి పంపమని అడగండి, అడిగితే పంపుతారు.