పాత ఎండల లెక్కకు ఏది మేలు: చేతిరాత రిజిస్టరా, మండల ఆటోమేటిక్ కేంద్రమా, గ్రిడ్ డేటానా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట మన తాతల నాటిది. అప్పటి ఎండ ఎక్కువా, ఇప్పటిదా అని కనిగిరిలోనో ఉదయగిరిలోనో ఎవరైనా అడిగితే, అంకెలతో జవాబు చెప్పడానికి మూడు ఆధారాలున్నాయి: వాతావరణ కేంద్రాల్లో చేత్తో రాసిన రిజిస్టర్లు, మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ కేంద్రాలు, నేలను గళ్లుగా విడగొట్టి గడికో అంకె ఇచ్చే కంప్యూటర్ గ్రిడ్ డేటా. ముప్పై నలభై ఏళ్ల మార్పు చూడాలంటే రిజిస్టరే మేలు. ఫలానా మండలంలో ఫలానా మధ్యాహ్నం ఎంత కాసిందో కావాలంటే ఆటోమేటిక్ కేంద్రం. గ్రిడ్‌ను ఒక్కదాన్నే నమ్మి ఊరి లెక్క చెప్పకూడదు. అయితే మొదటి రెండింటి తప్పులు పట్టుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది.

రిజిస్టర్‌ను ముందు పెట్టడానికి కారణం దాని వయసు ఒక్కటే కాదు, ఏ అంకె ఎలా పుట్టిందో వెనక్కి వెళ్లి చూసుకునే వీలుంది. నెల్లూరు, కావలి, ఒంగోలు కేంద్రాలు భారత వాతావరణ శాఖవి. అక్కడ రీడింగ్ ఉదయం 8.30కి, సాయంత్రం 5.30కి. వ్యవసాయ పరిశోధన కేంద్రాల్లోని పరిశీలన మాత్రం స్థానిక కాలం ప్రకారం ఉదయం 7కి, మధ్యాహ్నం 2కి. నెల్లూరులో స్థానిక కాలం మన గడియారం కంటే సుమారు 10 నిమిషాలు వెనక ఉంటుంది. ఈ రెండు రకాల రిజిస్టర్లను ఒకే వరసలో కలిపేస్తే మొదటి తప్పు అక్కడే జరుగుతుంది.

కొలిచే చోటు తెల్లరంగు వేసిన చెక్కపెట్టె. గాలి ఆడేలా నాలుగు వైపులా రెండు వరసల వాలు పలకలు, నేరుగా ఎండ పడకుండా ఉత్తరం వైపు తలుపు, నేలకు నాలుగడుగుల పైచిలుకు ఎత్తులో థర్మామీటర్లు. పొడి బల్బు (ఆ వేళ గాలి వేడి చూపేది), తడి బల్బు (తడిగుడ్డ చుట్టినది) నిలువుగా, గరిష్ఠ, కనిష్ఠ థర్మామీటర్లు దాదాపు అడ్డంగా ఉంటాయి. గరిష్ఠం చూపే దాంట్లో పాదరసం సన్నని నొక్కు దాటి పైకెక్కితే తనంతట వెనక్కి రాదు, విదిలించాలి. విదిలించడం మరిచిపోతే నిన్నటి ఎండే ఇవాళ్టికీ పడుతుంది. రిజిస్టర్‌లో వరసగా రెండు రోజులు 42.6, 42.6 అని కనబడి, రెండో రోజు మబ్బు అని గానీ వాన అని గానీ రాసి ఉంటే అనుమానించాల్సిందే.

కనిష్ఠంలో తప్పు ఇంకా మెల్లగా దూరుతుంది. దాంట్లో పాదరసం బదులు స్పిరిట్, స్పిరిట్‌లో చిన్న సూచిక పుల్ల ఉంటాయి. పుల్లకు బల్బు నుంచి దూరంగా ఉన్న కొస దగ్గర చదవాలి. కొత్తవాళ్లు బల్బు వైపు కొస చదివితే ప్రతి రోజూ పుల్ల పొడవంత తక్కువ పడుతుంది. స్పిరిట్ ఆవిరై గొట్టం పైకొసన చేరినా అంతే, ఆ గొట్టాన్ని సరిచేసేదాకా రాత్రులు ఉన్నదానికంటే చల్లగా నమోదవుతాయి. దీన్ని పట్టుకోవడం తేలిక. ఉదయం రీడింగ్ వేళ ఈ థర్మామీటర్‌లో స్పిరిట్ కొస ఎంత చూపుతుందో, పక్కనున్న పొడి బల్బు కూడా అంతే చూపాలి. రెండు అంకెలూ రాసి ఉన్న రిజిస్టర్ దొరికితే అదృష్టమే. అలాగే సాయంత్రం చూసిన గరిష్ఠం అదే వేళ పొడి బల్బు కంటే తక్కువ ఉండకూడదు. ఉంటే ఆ వరసను పక్కన పెట్టండి.

తేదీ దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఉదయం 8.30కి చదివిన గరిష్ఠం నిన్నటి మధ్యాహ్నపుది. కొందరు దాన్ని చదివిన రోజు కిందే ఎక్కిస్తారు. తేల్చుకోవడానికి తుపాను రోజుల్ని వాడుకోవచ్చు. లైలా తుపాను 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ మబ్బు, వాన రోజుల్లో పగటి వేడి ఒక్కసారిగా దిగుతుంది. వాన కాలమ్‌లో వాన ఏ రోజు ఉందో, గరిష్ఠం కాలమ్‌లో దిగుడు అదే రోజు ఉందో మర్నాడు ఉందో చూడండి. ఒక రోజు పక్కకు జరిగి ఉంటే మొత్తం వరసనే ఒక రోజు వెనక్కి జరపాలి. అయితే వాన కూడా ఉదయం 8.30తో ముగిసే 24 గంటలకు కొలుస్తారు కాబట్టి దాని తేదీనీ సరిచూసుకునే ఈ పని చేయాలి.

పాత రిజిస్టర్లు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. సెల్సియస్‌లోకి మార్చి టైపు చేసిన వరస చేతికొస్తే దశాంశాలు చూడండి. ఫారెన్‌హీట్ పూర్తి డిగ్రీని మార్చి ఒక దశాంశానికి కుదిస్తే 38.9, 39.4, 40.0, 40.6, 41.1 ఇలా వస్తాయి; .5 అన్నది ఎప్పుడూ రాదు. ఏళ్లకేళ్లు .5 ఒక్కటీ లేదంటే మూలంలో పూర్తి డిగ్రీలే రాశారన్నమాట. అలాంటి చోట అర డిగ్రీ మార్పు గురించి వాదించడం వృథా. దీనికి తిరగబడి .0, .5 మాత్రమే గుంపులుగా ఉంటే చదివినవారు కంటి అంచనాకు సర్దేశారని అర్థం.

వెతికేటప్పుడు జిల్లా పేరు మోసం చేస్తుంది. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అంతకు ముందు ఒంగోలు గుంటూరు కింద, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు కింద, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు కింద ఉండేవి. 2022లో కందుకూరు నెల్లూరుకు, చీరాల బాపట్లకు, గూడూరు తిరుపతికి వెళ్లాయి. జిల్లా సగటును పాత జిల్లా సగటుతో పోలిస్తే వేర్వేరు నేలల్ని పోల్చినట్టే. ఎప్పుడూ కేంద్రం పేరుతోనే వెతకండి. పాత రికార్డు అడగాల్సిన చోటు పుణెలోని జాతీయ డేటా కేంద్రం.

ఇక ఆటోమేటిక్ కేంద్రం. దీని బలం దగ్గరితనం, గంట గంటకూ అంకె. తీరంలో మే నెల ఎండ కథంతా సముద్రపు గాలి చేతిలో ఉంటుంది. తూర్పు గాలి మధ్యాహ్నానికే మళ్లితే కొత్తపట్నం, ఒంగోలు వైపు వేడి పన్నెండు లోపే ఆగిపోతుంది, పొదిలి, కనిగిరిలో మూడింటిదాకా ఎక్కుతూనే ఉంటుంది. పడమటి గాలి గట్టిగా పట్టిన రోజు ఆ తేడా దాదాపు మాయమై, తీరం కూడా లోపలి ఊళ్లలా కాలుతుంది. అందుకే ఒంగోలు అంకెకు రెండు డిగ్రీలు కలిపి కనిగిరికి అంటగట్టడం సరికాదు. ఏ రోజు ఏ గాలి అన్నది గంటవారీ లెక్క ఉంటేనే తెలుస్తుంది.

దీని బలహీనతలూ తక్కువేం కావు. సెన్సర్‌కు తెల్ల ప్లాస్టిక్ పళ్లేల గొడుగు ఉంటుంది. గాలి ఆడని మధ్యాహ్నం ఆ గొడుగే వేడెక్కి అంకెను పెంచుతుంది. పళ్లేల సందుల్లో సాలెపురుగు గూడు కట్టినా, కందిరీగ మట్టి మెత్తినా అంతే. కార్యాలయం డాబా మీద, సిమెంటు నేల మీద పెట్టిన కేంద్రం ఎండ కంటే సిమెంటునే ఎక్కువ కొలుస్తుంది. పైగా ఎలక్ట్రానిక్ సెన్సర్ పాదరసం కంటే చురుకు. నిమిషం పాటు వీచిన వేడిగాలిని కూడా గరిష్ఠంగా పట్టేస్తుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది కనబడని ఖాళీ. మనకు వానంతా ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య. వరసగా మబ్బు పడితే సౌర పలక ఛార్జి చేయదు, బ్యాటరీ రాత్రిళ్లు పడిపోతుంది. అంటే పోయేవి సరిగ్గా ముసురు రోజులే. మిగిలిన ఎండ రోజులతో సగటు వేస్తే నవంబరు పగళ్లు ఉన్నదానికంటే వేడిగా తేలతాయి. నెలలో 11 రోజులు పోయినా, వరసగా 5 రోజులు పోయినా ఆ నెల సగటు వేయకూడదన్నది ప్రపంచ వాతావరణ సంస్థ పద్ధతి. దాన్ని కచ్చితంగా పాటించండి.

గ్రిడ్ డేటాలో వాతావరణ శాఖవారి ఒక డిగ్రీ (అక్షాంశ, రేఖాంశాల డిగ్రీ) గళ్ల రోజువారీ ఉష్ణోగ్రత 1951 నుంచి ఉచితంగా దొరుకుతుంది. 31 వరసలు, 31 నిలువులు, మొదటి గడి నడుమ 7.5 అక్షాంశం, 67.5 రేఖాంశం. నెల్లూరు పడే గడి 8వ వరస, 13వ నిలువు. ఒక్కో గడి వైపు సుమారు 110 కిలోమీటర్లు. ఆ ఒక్క గడిలోనే నెల్లూరు, కావలి, ఆత్మకూరు, ఉదయగిరి, కడప జిల్లా బద్వేలు అన్నీ ఉన్నాయి. నెల్లూరు దాని తూర్పు అంచున ఉంది. కృష్ణపట్నం పక్క గడిలోకి పోతుంది, ఆ గడిలో ఎక్కువ భాగం సముద్రం. బద్వేలుకూ నెల్లూరుకూ ఒకే అంకె ఇచ్చే లెక్క వేసవిలో వేసే ఎడగారు వరి పూతకు ఏం పనికొస్తుంది? పూతవేళ 35 డిగ్రీలు దాటితే తాలు పడే పంటకు ఒక్క డిగ్రీ కూడా లెక్కే. ఫైల్లో లేని విలువకు 99.9 అని ఉంటుంది, అది తీసేయకుండా సగటు వేస్తే ఊరు ఉడికిపోయినట్టు వస్తుంది.

యూరప్ వాతావరణ కేంద్రం తయారుచేసిన ఈరా5 గళ్లు చిన్నవి, పావు డిగ్రీ, 1940 నుంచి. ఈరా5-ల్యాండ్ సుమారు 9 కిలోమీటర్లు, 1950 నుంచి. రెండూ థర్మామీటర్ రీడింగులు కావు, పరిశీలనల్ని మోడల్‌లో కలిపి వెనక్కి వేసిన లెక్కలు. తీరంలో పావు డిగ్రీ గడిలో సముద్రం కలిస్తే పగలు చల్లగా, రాత్రి వెచ్చగా చూపుతుంది. అయినా రోజు రోజుకూ ఎక్కడం, దిగడం బాగా పట్టుకుంటాయి. రిజిస్టర్‌లో 45 బదులు 35 పడిందా అన్న అనుమానం తీర్చడానికి అంతే చాలు.

మూడింటినీ కలిపి వాడాలంటే రిజిస్టర్‌ను వెన్నెముకగా పెట్టుకోండి. ముందు కేంద్రం చరిత్ర రాసుకోవాలి: పెట్టె ఎప్పుడు జరిగింది, థర్మామీటర్ ఎప్పుడు మారింది, చుట్టూ వరి పొలం ఎప్పుడు లేఔట్ అయింది. ఇళ్లు వస్తే పగటి కంటే రాత్రి కనిష్ఠం ముందు పెరుగుతుంది. అందుకే గరిష్ఠానికీ కనిష్ఠానికీ సవరణ విడివిడిగా ఉండాలి. తర్వాత పాదరసం, సెన్సర్ పక్కపక్కనే నడిచిన కాలం తీసుకోండి. కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు. నెలవారీగా తేడా కట్టండి, ఎండాకాలం తేడాతో నవంబరును సరిచేయకండి. సగటు కట్టే పద్ధతి కూడా ఒకటే ఉండాలి, రిజిస్టర్‌కు గరిష్ఠ కనిష్ఠాల సగం వాడి, ఆటోమేటిక్‌కు 24 గంటల సగటు వాడితే ఆ తేడానే వాతావరణ మార్పులా కనబడుతుంది.

చివరగా మండల ఆటోమేటిక్ కేంద్రానికీ రిజిస్టర్ కేంద్రానికీ తేడాను గాలిని బట్టి రెండు కుప్పలు చేయండి: సాయంత్రం 5.30 పరిశీలనలో తూర్పు, ఆగ్నేయ గాలి రాసిన రోజులు ఒకటి, పడమర, వాయవ్య గాలి రోజులు ఇంకొకటి. ఉదయగిరికి పాత ఏళ్ల ఎండ అంచనా వేయాలంటే, కావలి రిజిస్టర్‌లో ఆ రోజు గాలి కాలమ్ చూసి ఏ కుప్ప తేడా కలపాలో నిర్ణయించుకోండి. గాలి కాలమ్ ఖాళీగా ఉన్న రోజుకు అంచనా కూడా ఖాళీగానే వదలండి.